షెడ్డు గుమ్మంలో నిలబడి వినండి: బ్లాక్‌బర్న్ రోవర్స్ యజమానులకు బహిరంగ లేఖ

శ్రీమతి అనురాధా దేశాయ్ గారికి, శ్రీ బి. వెంకటేశ్ రావు గారికి, శ్రీ బి. బాలాజీ రావు గారికి, ఈవుడ్ పార్క్ స్టేడియంలో క్లబ్ నిర్వహణ చూస్తున్నవారికీ, ఇకపై ఆ బాధ్యత చేపట్టబోయేవారికీ,

నమస్కారం.

పుణె నుంచి వెంకీస్ కోళ్ల సంస్థను నడుపుతూ, ఇంగ్లండ్‌లోని మా ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌కూ యజమానులైన మీకు ఇంగ్లీషులో రాసినవారికి కొదవ లేదు. 2011 నుంచి ఈవుడ్ పార్క్ చుట్టూ ఊరేగింపులు జరిగాయి, బ్యానర్లు లేచాయి, అభిమానుల సంఘాలు ప్రకటనలు ఇస్తూనే ఉన్నాయి. నేను తెలుగులో రాయడానికి కారణం ఒక్కటే. నేను అడగదలచుకున్నది ఫుట్‌బాల్ భాషలో కంటే కోళ్ల పరిశ్రమ భాషలో చెబితేనే మీకు సూటిగా చేరుతుందని నా నమ్మకం. ఆ భాష నాకు తెలుగులోనే వచ్చు.

మాది అనపర్తి దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు మీ సంస్థ బి.వి.-300 రకం గుడ్ల కోళ్లనే ఏళ్ల తరబడి పెంచారు. నేను 2007లో ఫార్మసిస్టుగా బ్లాక్‌బర్న్ వచ్చాను, ఇక్కడే స్థిరపడ్డాను, ఇప్పుడు బ్లాక్‌బర్న్ ఎండ్ స్టాండులో సీజన్ టికెట్ ఉన్నవాణ్ణి. 2010 నవంబరులో మీరు 2.3 కోట్ల పౌండ్లకు రోవర్స్‌ను కొన్నారని తెలిసిన రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే, నాన్నగారు "ఎవరూ, మన వెంకీస్ వాళ్లేనా? అయితే కాస్త మేత రేటు తగ్గించమని చెప్పరా" అని నవ్వారు. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్‌కు భారతీయులు యజమానులు కావడం అదే మొదటిసారి. మర్నాడు దుకాణంలో మందులకొచ్చిన ప్రతివారికీ నేను ఆ సంగతి చెప్పుకున్నాను. "మీ వాళ్లట కదా" అని వాళ్లు నన్ను అభినందించారు కూడా. అదే మాట ఏడాదిన్నర తిరక్కుండా వేరే స్వరంతో వినవలసి వచ్చింది.

మీరు చేసినదాన్ని ముందుగా ఒప్పుకోవాలి. కొన్న ధర కాక, ఈ 15 ఏళ్లలో మీరు క్లబ్‌ను నిలబెట్టడానికి పెట్టిన సొమ్ము 20 కోట్ల పౌండ్లు దాటింది. లాంకషైర్‌లోనే బరీ క్లబ్ 2019లో లీగ్ నుంచి బహిష్కరణకు గురైన తీరు చూసినవాళ్లం. జీతాలు పడే క్లబ్ విలువ మాకు తెలుసు. డబ్బు పెట్టలేదన్నది నా ఫిర్యాదు కాదు. ఇంత డబ్బు పెట్టి కూడా ఇంత తక్కువ ఎందుకు దక్కిందన్నదే నా ప్రశ్న.

మీరు కొన్నది ఏమిటో ఒకసారి గుర్తు చేయనివ్వండి. రోవర్స్ 1875లో పుట్టింది. ఇప్పుడు 150 ఏళ్లు నిండాయి. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను స్థాపించిన 12 క్లబ్బుల్లో ఒకటి. ఆ లీగ్‌కూ, 1992లో మొదలైన ప్రీమియర్ లీగ్‌కూ, రెంటికీ వ్యవస్థాపక సభ్యులైన క్లబ్బులు మూడే: ఆస్టన్ విల్లా, ఎవర్టన్, రోవర్స్. ఆరు ఎఫ్.ఏ. కప్పులు, మూడు లీగ్ టైటిళ్లు ఉన్నాయి. మూడోది 1995లో, ఈ ఊళ్లోనే పుట్టి ఉక్కు వ్యాపారంలో గడించిన జాక్ వాకర్ చలవ వల్ల వచ్చింది. మీ చేతికి వచ్చేనాటికి క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో వరుసగా పదో సీజన్ ఆడుతోంది; అంతకు ముందటి సీజన్‌లో పదో స్థానంలో నిలిచింది. అంటే మీరు కొన్నది జబ్బుపడిన మంద కాదు, గుడ్డు పెడుతున్న మంద.

తరువాతి కథ మీకు తెలియంది కాదు. కొన్న నెల తిరక్కుండా జట్టు మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తొలగించారు. 2012 మేలో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. ఆ సాయంత్రం విగాన్‌తో ఆటలో ఎవరో రోవర్స్ జెండా కప్పి మైదానంలోకి వదిలిన కోడిని చూసి దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దీపాల వెలుగులో, అరుపుల మధ్య ఎటు పోవాలో తెలియక నిలబడ్డ ఆ కోడిని చూస్తే ముందు జాలి, తరువాత సిగ్గు కలిగాయి. మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన ప్రాణి అది. అది వెటకారానికి గుర్తుగా మారడం మీకు ఎంత బాధ కలిగించిందో నేను ఊహించగలను. ఆ తరువాతి సీజన్‌లో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైఖేల్ ఆపిల్‌టన్ 67 రోజులు మేనేజర్లుగా ఉన్నారు. కొత్త కోడిపిల్ల గుడ్డుకు రావడానికే నాలుగైదు నెలలు పడుతుంది. 2017లో జట్టు మూడో శ్రేణికి దిగజారింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అంత కిందికి పోవడం అంతకు ముందు లేదు. మేనేజర్ టోనీ మౌబ్రే ఏడాదిలోనే తిరిగి పైకి తెచ్చారు. అప్పటినుంచి రెండో శ్రేణిలోనే, చాంపియన్‌షిప్‌లోనే, కొట్టుమిట్టాడుతున్నాం.

నాన్నగారికి ఒక అలవాటు ఉండేది. రాత్రి భోజనమయ్యాక టార్చిలైటు ఆర్పేసి, షెడ్డు గుమ్మంలో ఐదు నిమిషాలు కదలకుండా నిలబడేవారు. మంద అంతా సద్దుమణిగాక, ఏ వరుసలోనైనా కోడి గురక వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేవారు. వినిపించిందా, తెల్లారేసరికి డాక్టరు షెడ్డులో ఉండవలసిందే. వారం ఆగితే షెడ్డంతా పాకుతుంది. మేత లెక్క, గుడ్ల లెక్క గుమాస్తా పుస్తకంలో దొరుకుతాయి, గురక దొరకదు. పుణె నుంచి బ్లాక్‌బర్న్ లెక్కలు కనిపిస్తాయి. గురక వినాలంటే ఇక్కడ నిలబడాలి. మీరు ఈవుడ్ పార్క్‌లో కనిపించడం ఎంత అరుదో మీకే తెలుసు. యజమానీ రాక, యజమాని తరఫున నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషీ లేక ఏం జరిగిందో కింది అంశాల్లో మనవి చేస్తున్నాను.

1. చిన్న పనులు పెద్ద నష్టాలయ్యాయి. 2023 జనవరిలో ఆటగాడు లూయిస్ ఓబ్రయన్‌ను వేరే క్లబ్ నుంచి అరువుకు తెచ్చుకునే ఒప్పందం, పత్రాలు సమయానికి చేరకపోవడంతో చెల్లకుండా పోయింది. ఆ సీజన్ చివర సండర్‌లాండ్‌తో సమానంగా 69 పాయింట్లు సాధించి కూడా, గోల్ తేడాతో, ప్రీమియర్ లీగ్‌కు ఎక్కే ప్లేఆఫ్ పోటీల అవకాశం పోగొట్టుకుని ఏడో స్థానంలో మిగిలాం. సరిగ్గా ఏడాది తరువాత మరో ఆటగాడు డంకన్ మెగ్వైర్ విషయంలోనూ నమోదు పత్రాల దగ్గరే వ్యవహారం చెడింది. మొదటిది పొరపాటు అనుకోవచ్చు. రెండోసారి కూడా అదే గడప దగ్గర బోర్లాపడితే, లోపం గుమాస్తాది కాదు, "సరే, సంతకం పెట్టు" అనే అధికారం ఎక్కడ ఉందన్నది ఎవరికీ స్పష్టంగా తెలియకపోవడమే. ఈ మాట అనుమానంగానే అంటున్నాను. కాదని మీరు వివరిస్తే సంతోషంగా వెనక్కి తీసుకుంటాను.

2. పెంచినవాళ్లం మేము, ఎదిగింది మరోచోట. బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, చిన్ననాటినుంచి మన అకాడమీలోనే పెరిగిన ఆడమ్ వార్టన్‌ను 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌కు 1.8 కోట్ల పౌండ్ల తొలి ధరకు అమ్మారు. ఆ వేసవిలోనే అతడు యూరో పోటీలకు ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడు. ఆ సీజన్‌లో చాంపియన్‌షిప్ మొత్తానికి అత్యధికంగా 27 గోల్స్ కొట్టిన సామీ స్మోడిక్స్ కూడా తరువాత ఇప్స్‌విచ్‌కు వెళ్లిపోయాడు. అమ్మకం తప్పు కాదు. మా పరిశ్రమలో అమ్మకమే బతుకు. కానీ మంద తీసేసిన రైతు కొత్త పిల్లల్ని ఎప్పుడు దింపుతాడో ఊరందరికీ చెబుతాడు. 2025 ఫిబ్రవరిలో జట్టు అయిదో స్థానంలో ఉండగా మేనేజర్ జాన్ యూస్టస్, కింది శ్రేణికి జారే ప్రమాదంలో ఉన్న డర్బీ కౌంటీకి వెళ్లిపోయారు. పైకి ఎక్కుతున్న జట్టును వదిలి మునుగుతున్న జట్టుకు ఒక మేనేజర్ వెళ్లాడంటే, అందులో యజమానులు ఆలోచించుకోవలసింది ఉంది. ఆ సీజన్‌లోనూ ఏడో స్థానమే.

3. మహిళల జట్టు. కియెరా వాల్ష్, జార్జియా స్టాన్‌వే, ఎల్లా టూన్ రోవర్స్ నీలం–తెలుపు చొక్కా వేసుకునే పైకొచ్చారు; ముగ్గురూ 2022లో యూరప్ చాంపియన్లయిన ఇంగ్లండ్ జట్టు సభ్యులు. అటువంటి చోట 2025 మేలో, రెండో శ్రేణి లీగ్ విధించిన ప్రమాణాలకు కావలసిన ఖర్చు భరించలేమని జట్టును ఆ శ్రేణినుంచే ఉపసంహరించుకున్నారు. ఆటగత్తెల మాట ఒకటైతే, ఈ ఊరి బళ్లలో బంతి ఆడే ఆడపిల్లలకు ఇక మీదట పైమెట్టు మాంచెస్టర్‌లోనో లివర్‌పూల్‌లోనో తప్ప ఇక్కడ లేదు. రోజూ అంత దూరం తీసుకెళ్లి తీసుకురాగల తల్లిదండ్రులు ఇంగ్లండ్‌లోని అతి పేద ప్రాంతాల్లో ఒకటైన ఈ ఊళ్లో ఎందరుంటారు?

4. డబ్బు వచ్చే దారి. 2023లో మీరు ఇండియా నుంచి క్లబ్‌కు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కోరవలసి వచ్చింది. ఆ వ్యవహారం మంచిచెడ్డలు తేల్చవలసింది న్యాయస్థానం. దానిపై నేను ఒక్క మాట అనను. కానీ ప్రతి వాయిదాకూ ఇక్కడ గ్రౌండ్ సిబ్బంది, టికెట్ కౌంటర్ ఉద్యోగులు, ఆట రోజు మాత్రమే పని దొరికే స్టివార్డులు (జనాన్ని అదుపు చేసే సిబ్బంది), స్టేడియం పక్క బోల్టన్ రోడ్ మీద ‘పై’ అనే తినుబండారం అమ్మేవారు ఢిల్లీ వార్తలు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

5. గుండెల్లో జరిగిన నష్టం. దీనికి అంకె లేదు. మాంచెస్టర్ ఇక్కడికి గంట ప్రయాణం. తండ్రి, తాత రోవర్స్ చొక్కాలు వేసుకుని వచ్చిన ఇళ్లలో ఇప్పుడు పిల్లలు మాంచెస్టర్ సిటీ చొక్కాలు అడుగుతున్నారు. 31,000 మంది పట్టే ఈవుడ్ పార్క్‌లో మామూలు శనివారం సగానికి సగం కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. ఒకసారి అలవాటు తప్పిన కుటుంబం తిరిగి రావడం కష్టం. మంచి పనులు కూడా ఈ క్లబ్ చేసిందని చెప్పాలి: 2022లో ఈద్ నమాజుకు మైదానాన్నే తెరిచిన తొలి క్లబ్ ఇది. ఊరిలో మూడోవంతుకు పైగా ఆసియా మూలాలున్నవారే. వాళ్లను ఆటకు రప్పించడానికి భారతీయ యజమానులకు ఉన్న అవకాశం ఇంకెవరికి ఉంది? ఆ అవకాశం 15 ఏళ్లుగా వృథా అవుతోంది.

ఇక నా అసలు మాట. మీ నాన్నగారు, పద్మశ్రీ డా. బి.వి. రావు గారు, 1982లో రైతుల్ని కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టేదాకా, గుడ్డు పెట్టించినవాడికి గుడ్డు ధర మీద మాట ఉండేది కాదు. దళారి ఎంతంటే అంతే. రావు గారు ఊరూరా తిరిగి సమావేశాలు పెట్టి, రైతుల మధ్య కూర్చుని, వాళ్ల గోడు విని, "నా గుడ్డు, నా ధర, నా బతుకు" అనే నినాదాన్ని వాళ్ల నోట పలికించారు. మా నాన్నగారు ఇప్పటికీ పొద్దున్నే పేపర్లో ముందు చూసేది నెక్ రేటే (ఆ సంఘం ప్రకటించే గుడ్డు ధర), తరువాతే చావుబతుకుల వార్తలు. రావు గారు ఆనాడు రైతుకు ఇప్పించింది డబ్బు కాదు. తన బతుకును నిర్ణయించే బల్ల దగ్గర ఒక కుర్చీ. మేము అడుగుతున్నదీ ఆ కుర్చీనే. ఇది మీకు కొత్త సిద్ధాంతం కాదు, మీ ఇంటి సిద్ధాంతమే.

ఇంకొక సంగతి కూడా జ్ఞాపకం చేస్తాను. ఈ ఊరి మగ్గాల మీద నేసిన ధోవతులు ఒకప్పుడు ఓడలెక్కి మన దేశానికి వచ్చేవి. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల ఇక్కడి మిల్లులు దెబ్బతిని కార్మికులు వీధిన పడ్డప్పుడు, 1931 సెప్టెంబరులో గాంధీజీ పక్కనే ఉన్న డార్వెన్‌కు వచ్చి, తన పిలుపు వల్ల నష్టపోయినవాళ్లతోనే ముఖాముఖి మాట్లాడారు. బహిష్కరణను ఆయన వెనక్కి తీసుకోలేదు. అయినా మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి నవ్వుతూ ఫొటో దిగారు. వచ్చి మాట్లాడినవాడి మీద లాంకషైర్ జనానికి కోపం నిలవదు. మీరు రండి, చూడండి.

కనుక మా కోరికలు ఇవి.

1. క్లబ్ ముఖ్య నిర్వాహకుడెవరైనా సరే, బ్లాక్‌బర్న్‌లోనే ఉండి పనిచేయాలి. ఆటగాళ్ల ఒప్పందాలు, నమోదు, సిబ్బంది నియామకాలు, ఇంతవరకూ అని ముందే నిర్ణయించిన బడ్జెట్ లోపల పుణె అనుమతికి ఎదురుచూడకుండా తేల్చే అధికారం ఆ పదవికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ అధికార పరిధి ఏమిటో బయటికి చెప్పాలి. అధికారం లేని పదవిలో ఎంత సమర్థుణ్ణి కూర్చోబెట్టినా తిట్లు తినడానికి తప్ప పనికిరాడు. కొత్తగా బాధ్యత తీసుకునేవారికి నా విన్నపం కూడా ఇదే: ఈ కాగితం చేతికి రాకుండా ఆ కుర్చీలో కూర్చోకండి.

2. ప్రతి సీజన్ మొదలయ్యే ముందే, ఆ ఏడాదికి సరిపడా నిధులు ఎక్కడినుంచి, ఏ రూపంలో వస్తాయో, కోర్టు అనుమతి ఆలస్యమైతే ప్రత్యామ్నాయం ఏమిటో ప్రకటించాలి. ఆటగాళ్ల అమ్మకం మీద వచ్చిన సొమ్ములో తిరిగి జట్టు మీద ఎంత పెడతారో అందులోనే చెప్పాలి.

3. మీ ముగ్గురిలో ఒకరు ఏడాదికి కనీసం రెండుసార్లు బ్లాక్‌బర్న్ వచ్చి అభిమానుల ప్రతినిధులతో కూర్చోవాలి. ఆ సమావేశంలో మాట్లాడిన విషయాలు రాసి ప్రచురించాలి. 2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం అభిమానులను సంప్రదించడాన్ని ఎలాగూ క్లబ్బుల బాధ్యత చేసింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ అడిగాక చేసేది, అడగకముందే చేస్తే మర్యాదగా ఉంటుంది.

4. ఈవుడ్ పార్క్, బ్రాక్‌హాల్ శిక్షణ కేంద్రం, రెండూ క్లబ్ ఆస్తిగానే ఉండాలి. 2021లో బ్రాక్‌హాల్‌లో ఇళ్లు కట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు ఎంత వ్యతిరేకత వచ్చిందో చూశారు. వార్టన్ లాంటి కుర్రాళ్లు తయారైంది అక్కడే.

5. మహిళల జట్టు తిరిగి రెండో శ్రేణికి చేరడానికి ఎన్నేళ్లు, ఎంత బడ్జెట్ అన్నది లెక్కతో సహా చెప్పాలి. "చూద్దాం" అన్న మాట వద్దు.

6. ఇవేవీ మీ వల్ల కావనుకుంటే, క్లబ్‌ను తగినవారికి అప్పగించండి. ఈ మాట కోపంతో అనడం లేదు. వయసు మీదపడి రాత్రులు షెడ్డుకు వెళ్లలేనని తెలిసిన రోజున మా నాన్నగారు, బాధపడుతూనే, షెడ్డును మా పక్క ఊరి కుర్రాడికి కౌలుకిచ్చారు. అతడి చేతికి తాళం ఇచ్చే ముందు, రాత్రి దీపం ఆర్పి గుమ్మంలో ఎక్కడ నిలబడాలో చూపించారు. మీరు ఎవరికి అప్పగించినా, వారు వచ్చి నిలబడే మనుషులేనా అని విచారించి అప్పగించండి. కేవలం ఎక్కువ ధర పెట్టినవారని కాదు.

జవాబు తెలుగులో ఇచ్చినా, ఇంగ్లీషులో ఇచ్చినా, మరాఠీలో ఇచ్చినా చదివించుకుంటాం. ఉత్తరం కంటే మనిషి వస్తే ఇంకా మేలు. ఈవుడ్ పార్క్‌లో ఆటకు గంట ముందు, జనం ఇంకా పలచగా ఉన్నప్పుడు, బ్లాక్‌బర్న్ ఎండ్ వెనక జాక్ వాకర్ విగ్రహం దగ్గర ఉంటాను. ముందుగా తారీఖు చెప్పండి, చాలు. మీరు అడిగిన ప్రతి మనిషినీ నేనే పిలుచుకొస్తాను.

భవదీయుడు,
బ్లాక్‌బర్న్ ఎండ్ సీజన్ టికెట్‌దారు,
ఒక కోళ్ల రైతు కొడుకు